వేసవి సెలవులు అయిపోయాయి.. అమ్మ పిలిస్తే పిల్లాడు ఎందుకు రావట్లేదు?

జూన్ రెండో వారం వచ్చిందంటే గుడివాడ, కైకలూరు బస్టాండ్లలో ఒక రకం ప్రయాణికులు ఎక్కువగా కనిపిస్తారు. ఓ చేతిలో బట్టల బ్యాగు, ఇంకో చేతిలో గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ, వెనకాల ఎండకు నల్లబడ్డ ఇద్దరు పిల్లలు. అమ్మమ్మ ఇంటి నుంచో, నానీ ఇంటి నుంచో సొంతూరికి తిరిగొస్తున్నవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులిచ్చారు. 49 రోజులు. పెద్దవాళ్లకు అది ఏడు వారాలే. రెండేళ్ల పిల్లాడికైతే పుట్టిన దగ్గర్నుంచి బతికిన కాలంలో దాదాపు పదిహేనో వంతు. ముప్పై ఏళ్ల తల్లికి అదే లెక్క కడితే రెండేళ్లు అవుతుంది. రెండేళ్లపాటు చూడని మనిషి ఒకరోజు పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి చేతులు చాపితే ఎలా ఉంటుందో, ఆ పిల్లాడికీ అలాగే ఉంటుంది.

అందుకే చాలా ఇళ్లలో జూన్‌లో ఒక చిన్న కష్టం జరుగుతుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఇన్నాళ్లూ రోజులు లెక్కపెట్టుకున్న తల్లి "రా నాన్నా" అని పిలుస్తుంది. పిల్లాడు వెళ్లి అమ్మమ్మ కుచ్చిళ్ల వెనకాల దాక్కుంటాడు. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. "చూశావా, అమ్మని మర్చిపోయాడు" అంటారు. తల్లి కూడా నవ్వేస్తుంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది.

నిజానికి ఆ పిల్లాడు మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే దాక్కునే పనే ఉండదు.

పిల్లల్ని ఎందుకు పంపుతారు?

కొల్లేటి చుట్టుపక్కల వేసవిలో పిల్లల్ని అమ్మమ్మ ఇంటికి పంపేది ముంజలు, మామిడిపళ్లు తినడానికి మాత్రమే కాదు. ముదినేపల్లి మండలాన్నే తీసుకోండి. పామర్రు నుంచి గుడివాడ, కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరం వైపు వెళ్లే జాతీయ రహదారి 165 మీద ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లా. జిల్లా మారినా చుట్టరికాలు మారవు కదా. సెలవులకు పిల్లలు వెళ్లేది ఎప్పట్లాగే అటు గుడివాడ వైపుకి, ఇటు భీమవరం, ఏలూరు వైపుకి.

రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఆ చెరువుల మీద బతికేవాళ్లకు వేసవే గండం. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కలిసి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది గానీ, రాత్రయితే తనే తీసుకుంటుంది. దాంతో తెల్లవారుజామున చెరువులో గాలి బాగా తగ్గిపోతుంది. బొచ్చె, శీలావతి నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆ గంటలో మనిషి లేచి ఏరియేటర్లు తిప్పకపోతే తెల్లారేసరికి ఏడాది కష్టం నీళ్ల మీద తెల్లగా తేలుతుంది. కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తాలి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో చెరువు కాపలా ఉండే తండ్రి రాత్రిళ్లు గట్టు మీదే పడుకుంటాడు. గట్టు మీద పాకలో కాపురం పెట్టినవాళ్లూ ఉన్నారు. అలాంటి చోట బడి లేని పిల్లాడు పొద్దంతా తిరిగితే నాలుగు వైపులా నీళ్లే. తల్లి మేత కలపడానికో, రొయ్యల ప్లాంటులో పనికో వెళ్తే చూసేవాళ్లుండరు. పిల్లాడిని పుట్టింటికి పంపడం ఆ తల్లికి విలాసం కాదు, భయం.

ఇంకో రకం ఇళ్లూ ఉన్నాయి. తల్లి గల్ఫ్‌లో ఉంటుంది, పిల్లలు ఏడాది పొడవునా నానీ దగ్గరే ఉంటారు. గోదావరి జిల్లాల నుంచీ, ఈ కొల్లేటి ఊళ్ల నుంచీ ఇంటిపనికి కువైట్, ఒమన్, ఖతర్ వెళ్లిన మహిళలు తక్కువేం కాదు. వాళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ముందు ఆ గుమ్మం దగ్గర పిల్లాడి మనసులో జరిగేదేమిటో చూద్దాం.

"అలవాటు పడిపోయాడులే" అనుకుంటే పొరపాటు

ఇంగ్లండులో ఒకప్పుడు ఆసుపత్రిలో చేర్చిన చిన్న పిల్లల్ని తల్లిదండ్రులు చూడ్డానికి వారానికి ఒక్కసారే రానిచ్చేవారు. కొన్నిచోట్ల అదీ లేదు. తల్లి వచ్చి వెళ్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే బుద్ధిగా ఉంటారు, కాబట్టి రాకపోవడమే మంచిదని నర్సులు అనుకునేవారు. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సామాజిక కార్యకర్త దీన్ని నమ్మలేదు. లారా అనే రెండున్నరేళ్ల పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఎలా ఉందో కెమెరాతో తీసి 1952లో జనానికి చూపించాడు. మనోవైద్యుడు జాన్ బౌల్బీతో కలిసి ఆయన తేల్చిన విషయం ఏంటంటే, తల్లికి దూరమైన చిన్న పిల్లలు మూడు దశలు దాటతారు. మొదట గట్టిగా ఏడుస్తారు, వెతుకుతారు, అడుగుతారు. తర్వాత ఏడుపు సన్నగిల్లి దిగులుగా కూర్చుంటారు. మూడో దశలో ఏమీ పట్టనట్టు ఉంటారు. తింటారు, ఆడతారు, నవ్వుతారు. నర్సులు "హమ్మయ్య, అలవాటు పడ్డాడు" అనుకున్నది ఈ మూడో దశనే. బౌల్బీ మాత్రం భయపడాల్సింది దాన్ని చూసేనని చెప్పాడు. ఈ వాదన అక్కడ చాలామంది డాక్టర్లకు నచ్చలేదు. అయినా 1959లో బ్రిటన్ ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ, తల్లిదండ్రుల్ని పిల్లల దగ్గరికి ధారాళంగా రానివ్వాలని సిఫార్సు చేసింది.

మన ఇళ్లలోనూ అదే మాట వినిపిస్తుంది. మొదటి వారం ఫోన్లో "ఏడుస్తున్నాడమ్మా" అంటారు. మూడో వారానికి "ఇప్పుడు నీ పేరే ఎత్తట్లేదు, హాయిగా ఉన్నాడు" అంటారు. తల్లి మనసు సగం కుదుటపడుతుంది, సగం కలుక్కుమంటుంది. ఆ కలుక్కుమన్న సగమే ఎక్కువ నిజం చెబుతోంది. పేరు ఎత్తకపోవడం అంటే తలుచుకోకపోవడం అని కాదు.

రాబర్ట్‌సన్, ఆయన భార్య జాయిస్ కలిసి తీసిన ఇంకో ఫిల్మ్ 1969లో వచ్చింది. జాన్ అనే పదిహేడు నెలల బాబు. తల్లి కాన్పుకి వెళ్తే తొమ్మిది రోజులు శిశు సంరక్షణ గృహంలో ఉన్నాడు. అక్కడ ఆయాలు చెడ్డవాళ్లేం కాదు, కానీ షిఫ్టుల వారీగా మారిపోతుంటారు. ఏ ఒక్కరూ ఆ బాబుకి సొంతం కారు. తొమ్మిదో రోజు తల్లి వచ్చి ఎత్తుకోబోతే వాడు గింజుకుని ఏడ్చాడు, తల్లి ఒళ్లో ఉండనన్నాడు. తొమ్మిదంటే తొమ్మిదే రోజులు.

అదే దంపతులు మరో నలుగురు పిల్లల్ని, అలాంటి అవసరమే వచ్చినప్పుడు, తమ ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నారు. పది రోజుల నుంచి ఇరవై ఏడు రోజుల దాకా. వాళ్లు దిగులుపడలేదని కాదు. కానీ జాన్‌లాగా కుప్పకూలిపోలేదు. తేడా ఎక్కడుందంటే, ఈ నలుగురికీ పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకే మనిషి ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న బొమ్మలున్నాయి. అమ్మ ఫోటో ఉంది. జాయిస్ రోజూ అమ్మ గురించి మాట్లాడేది.

ఆ ఇద్దరు తెల్లవాళ్లు ఎంతో శ్రమపడి కనిపెట్టిన ఏర్పాటుకి మన దగ్గర ఎప్పట్నుంచో ఒక పేరుంది. అమ్మమ్మ ఇల్లు. ఒకే మనిషి చేతి ముద్ద, అదే డాబా మీద పడక, అమ్మ చిన్నప్పుడు ఆడుకున్న వాకిలి. మన పిల్లలు ఏడు వారాల ఎడబాటుని చాలావరకు ఏ దెబ్బా తగలకుండా దాటేస్తున్నారంటే ఆ పుణ్యం అమ్మమ్మలదీ నానీలదీ. అయితే ఒక్క చోట మాత్రం మనవాళ్లు జాయిస్‌కి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తారు. అన్నం తినకపోతే "మీ అమ్మ నిన్ను వదిలేసి పోయింది, ఇక రాదు పో" అని ఏడిపిస్తారు. పక్కింటి పెద్దాయన కూడా వచ్చి "మీ అమ్మ మాకు అమ్మేసింది రా నిన్ను" అంటాడు. పెద్దవాళ్లకు సరదా. మూడేళ్ల పిల్లకు సరదా అనే సంగతి తెలీదు, మాట మాత్రమే తెలుసు. ఈ ఒక్క వేళాకోళం మానేస్తే జూన్‌లో సగం కష్టం తగ్గుతుంది.

గుమ్మం దగ్గర మొహం తిప్పుకున్న పిల్లాడు

మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు 1954, 55లలో ఉగాండా పల్లెల్లో తల్లుల్నీ పిల్లల్నీ దగ్గర్నుంచి గమనించింది. ఆ తర్వాత అమెరికాలో బాల్టిమోర్‌లో ఒక పరీక్ష తయారు చేసింది. ఏడాది వయసు పిల్లల్ని తల్లితో కొత్త గదిలో ఉంచుతారు. తల్లి కాసేపు బయటికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. మొత్తం కలిపి ఓ ఇరవై నిమిషాలు. అందరూ తల్లి వెళ్లినప్పుడు పిల్లలు ఎంత ఏడుస్తారో చూస్తారు కదా, ఆమె అసలు చూసింది తల్లి తిరిగొచ్చినప్పుడు ఏం చేస్తారన్నది. కొందరు పరుగెత్తి వచ్చి హత్తుకుని రెండు నిమిషాల్లో మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు ఎత్తుకోమని ఏడుస్తూనే ఎత్తుకుంటే తన్నారు. కొందరు తల్లి వైపు చూడను కూడా చూడలేదు, బొమ్మతోనే ఆడుకున్నారు.

ఆ మూడో రకం పిల్లలకు నిజంగానే ఏమీ పట్టలేదా? 1977లో స్రూఫ్, వాటర్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి పిల్లల గుండె వేగం కొలిచి చూశారు. పైకి నింపాదిగా బొమ్మ తిప్పుతున్న పిల్లాడి గుండె గబగబా కొట్టుకుంటోంది. ఏడ్చే పిల్లాడికి ఎంత కంగారుగా ఉందో వీడికీ అంతే ఉంది, బయటపెట్టడం లేదంతే.

ఇరవై నిమిషాల పరీక్షనీ ఏడు వారాల వేసవినీ ఒకే గాటన కట్టలేం. ఒక పూట మొహం తిప్పుకున్నాడని పిల్లాడికి ఏదో లోపమని పేరు పెట్టడానికి అసలే లేదు. కానీ గుమ్మంలో నిలబడ్డ తల్లికి ఇందులో తెలుసుకోవలసినది ఉంది. రానని మొహం తిప్పుకున్న పిల్లాడు "నువ్వు అక్కర్లేదు" అని చెప్పడం లేదు. "మళ్లీ వెళ్లిపోతావేమో, ఎలా నమ్మేది?" అని అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకి మాటతో జవాబు చెప్పలేం. వరసగా కొన్ని రోజులు, లేచేసరికి పక్కన ఉండటమే జవాబు.

ఇంకో సంగతి తల్లులకు తట్టదు, ఎందుకంటే ఆ రోజు వాళ్లకు పండగ. తల్లికి పిల్లాడు దొరికిన రోజే పిల్లాడికి అమ్మమ్మ దూరమవుతోంది. ఏడు వారాలు ఎవరి పక్కలో పడుకున్నాడో ఆ మనిషి బస్సు ఎక్కి వెళ్లిపోతోంది. వాడికి ఒకే రోజు ఒక కలయిక, ఒక ఎడబాటు. రాత్రి పడుకునే ముందు "అమ్మమ్మ కావాలి" అని ఏడిస్తే అది అమ్మ మీద ఫిర్యాదు కాదు. ఏప్రిల్‌లో అమ్మ కోసం ఏడ్చిన గొంతే జూన్‌లో అమ్మమ్మ కోసం ఏడుస్తోంది. ఆ ఏడుపు వచ్చినందుకు నిజానికి సంతోషించాలి, వాడిని అక్కడ బాగా చూసుకున్నారని దానర్థం.

ఇక్కడే కొన్ని ఇళ్లలో వ్యవహారం చెడుతుంది. తల్లికి రోషం వస్తుంది. "ఎంత కష్టపడ్డా నేను పరాయిదాన్నేనా" అనుకుంటుంది. అమ్మమ్మ ఊసెత్తితే కసురుతుంది. లేదా బిస్కెట్లు, చాక్లెట్లు, సెల్‌ఫోను ఇచ్చి పిల్లాడిని తన వైపు తిప్పుకోవాలని చూస్తుంది. చాక్లెట్ తీసుకుంటాడు, తీసుకుని మళ్లీ మూలకు పోతాడు. అమ్మకు ఇంకా కోపం. ఇదంతా ఆమె తప్పని అనడం అన్యాయం. ఎండలో రొయ్యలు వొలిచి, రాత్రి చెరువు గట్టున మేలుకుని, నెలన్నర పాటు పిల్లాడి ఫోటో చూసుకున్న మనిషికి మొహం మీద తలుపేసినట్టు ఉంటే రోషం రాదా? వస్తుంది. అది పిల్లాడి మీద చూపించకుండా ఉంటే చాలు.

మొదటి వారం ఎలా గడపాలి

వీలైతే బడి తెరిచే ముందు రోజు రాత్రి కాకుండా నాలుగైదు రోజులు ముందే పిల్లల్ని తెచ్చుకోవాలి. జూన్ 11 సాయంత్రం బస్సు దిగి 12 పొద్దున యూనిఫాం తొడుక్కుంటే, పిల్లాడికి అమ్మమ్మా దూరం, అమ్మా దూరం, పొద్దున్నే టీచరమ్మ దగ్గర. 2024లో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం వల్ల బడులు 12న కాకుండా 13న తెరిచారు, పిల్లలకు అమ్మమ్మ ఇంట్లో ఒక రోజు కలిసొచ్చింది. ఆ ఒక్క రోజు అక్కడ కంటే సొంతింట్లో గడిపి ఉంటే తల్లులకు ఎక్కువ పనికొచ్చేది.

కుదిరితే తల్లే పుట్టింటికి వెళ్లి ఒక రాత్రి అక్కడ ఉండి తీసుకురావడం ఇంకా మంచిది. పిల్లాడు తన చోట తాను ఉండి, అమ్మమ్మ ఒళ్లో కూర్చుని, అమ్మని మెల్లగా చూసుకుంటాడు. వాకిట్లోనే లాక్కుని ఎత్తుకోకుండా తల్లి పక్కన కూర్చుని అమ్మమ్మతో మాట్లాడుతూ ఉంటే, ఓ పావుగంటకి వాడే వచ్చి చీర కొంగు పట్టుకుంటాడు. ఒకోసారి పావుగంట కాదు, పొద్దుపోయాక వస్తాడు. నలుగురిలో "నేనెవర్రా? చెప్పు, నేనెవరు?" అని పరీక్ష పెట్టకూడదు. జవాబు తెలిసినా చెప్పని పిల్లలే ఎక్కువ.

ఇంటికొచ్చాక మొదటి కొద్ది రోజులు వాడి అక్కడి అలవాట్లని ఒకేసారి మాన్పించకూడదు. అమ్మమ్మ పెట్టిన కొబ్బరినూనె వాసన, అక్కడి పాత దుప్పటి, అన్నంలో ముందు పప్పు ఆ తర్వాతే కూర అనే పద్ధతి. చిన్నవిగానే కనిపిస్తాయి. ఏలూరులో నానీ దగ్గర ఉర్దూలో "పానీ" అడిగి అలవాటైన పాప ముదినేపల్లి బడిలో, పక్కింట్లో అందరూ తెలుగు మాట్లాడుతుంటే నాలుగు రోజులు నోరు మెదపకపోవచ్చు. తల్లి ఆ నాలుగు రోజులు పాప మాటల్లోనే పలికితే సరిపోతుంది. సాయంత్రం ఒకసారి అమ్మమ్మకి వీడియో కాల్ చేయాలి. పిల్లాడు మరిచిపోవాలని ఫోన్ చేయకుండా ఉండేవాళ్లు ఆ ఆసుపత్రి నర్సుల్లాగే ఆలోచిస్తున్నారు. పద్దెనిమిది నెలల లోపు పిల్లలకు స్క్రీన్ చూపించొద్దని చెప్పే అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా వీడియో కాల్స్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చింది.

నాలుగైదు రోజులు గడిచాక అసలు ముచ్చట మొదలవుతుంది. దూరంగా ఉన్న పిల్లాడు కాస్తా వదలకుండా పట్టుకుంటాడు. అమ్మ బాత్రూంకి వెళ్లినా తలుపు దగ్గర కూర్చుంటాడు. రాత్రి రెండుసార్లు లేచి అమ్మ ఉందో లేదో తడిమి చూసుకుంటాడు. చిన్నదానికే కొడతాడు, కొరుకుతాడు. "అక్కడ ఎంత బుద్ధిగా ఉన్నాడో, ఇక్కడికొచ్చి పాడైపోయాడు" అంటారు అత్తగారు. పాడైపోలేదు. కోపం చూపించినా ఈ మనిషి పోదు అని నమ్మకం కుదిరాకే పిల్లలు కోపం చూపిస్తారు. సాధారణంగా ఇది కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. నెల దాటినా తిండి సరిగా తినకుండా, మాట్లాడకుండా, అంతకుముందు మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలై ఆగకుండా ఉంటే పిల్లల డాక్టరుకి చూపించాలి. టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసినా ఉచితంగా సలహా చెబుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పెద్ద పిల్లల సంగతి కొంచెం వేరు. ఎనిమిదేళ్లు, పదేళ్లు దాటినవాళ్లు అమ్మని చూడగానే దాక్కోరు గానీ "మావయ్య అయితే రోజూ బండి మీద తిప్పాడు" అని పోలికలు తెస్తారు. నాన్న చెరువు దగ్గర్నుంచి వచ్చి ఒక రోజు వాళ్లని గట్టు మీదకి తీసుకెళ్లి ఏరియేటర్ ఎలా తిరుగుతుందో చూపిస్తే చాలు, పోలికలు ఆగిపోతాయి. తన ఎడబాటుకి కారణం ఏమిటో పిల్లాడు కళ్లతో చూస్తాడు.

విడిగా ఉంటున్న తల్లిదండ్రులైతే

భార్యాభర్తలు విడిపోయిన ఇళ్లలో వేసవికి ఇంకో బరువుంటుంది. పిల్లలు ఏడాదంతా ఒకరి దగ్గర, సెలవుల్లో ఇంకొకరి దగ్గర. కోర్టులు ఇలాంటి ఏర్పాట్లు తరచూ చేస్తుంటాయి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జడ్జి చూసేది పిల్లల క్షేమం. ముస్లిం కుటుంబాల్లో హిజానత్ మాట వస్తుంది. హనఫీ పద్ధతిలో కొడుకు ఏడేళ్లు నిండేదాకా, కూతురు యుక్తవయసు వచ్చేదాకా తల్లి దగ్గరే పెరగాలి, సంరక్షకుడిగా తండ్రి హక్కు తండ్రికి ఉంటుంది. అయితే కోర్టుకి వెళ్తే ఇక్కడా పిల్లల క్షేమమే పైచేయి. 2020 జనవరి 20న ఇచ్చిన ఒక తీర్పులో సుప్రీంకోర్టు, పిల్లలకు తల్లి ప్రేమా తండ్రి ప్రేమా రెండూ పొందే హక్కు ఉందని చెప్పింది. పిల్లలు తమ దగ్గర లేని తల్లికో తండ్రికో చూసే హక్కుతోపాటు ఫోన్లో, వీడియో కాల్‌లో మాట్లాడే హక్కు కూడా ఉండాలని చెప్పింది.

గొడవ సాధారణంగా వచ్చేది జూన్‌లోనే. "పిల్లాడే రానంటున్నాడు, నేనేం చేయను?" అని సెలవులు అయ్యాక పంపకుండా ఆపుకోవడం. పైన చెప్పిన సంగతులు తెలిస్తే ఆ రానంటున్న మాటకి ఎంత విలువివ్వాలో అర్థమవుతుంది. ఏడు వారాల తర్వాత ఏ పిల్లాడైనా అడుగు వెనక్కే వేస్తాడు. దాన్ని సాక్ష్యంగా చూపించి పిల్లాడిని ఆపుకున్నవాళ్లు కోర్టు ఉత్తర్వు ఉంటే దాన్ని ధిక్కరించినట్టే. అటు ఆ పిల్లాడికేమో తన భయమే అమ్మానాన్నల తగాదాకి ఆయుధమైంది.

గల్ఫ్ తల్లి సెలవు

ఇక గల్ఫ్ సంగతి. పదో తరగతి పాసవని వాళ్లకిచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలని భారత ప్రభుత్వ నిబంధన. 2016 ఆగస్టు నుంచి వాళ్లని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కూడా పెట్టారు. అమ్మాయిల భద్రత కోసం పెట్టిన వయసు అది. కానీ మన ఊళ్లలో ముప్పై నిండిన మహిళ అంటే చాలావరకు తల్లే. అంటే నిబంధన ప్రకారం వెళ్లే ప్రతి మహిళ వెనక దాదాపుగా ఒక పిల్లాడో పిల్లో ఉంటుంది. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపని వాళ్లకు వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. చట్టంలో ఉన్నది ప్రతి ఇంట్లో అమలవుతుందని చెప్పలేం. చాలామంది రెండేళ్ల ఒప్పందం అయ్యాకే వస్తారు.

ఏడాది బిడ్డని వదిలి వెళ్లిన తల్లి వచ్చేసరికి బిడ్డకు మూడేళ్లు. ఆ బిడ్డకు అమ్మ అంటే ఫోన్లో కనిపించే మొహం, అమ్మీ అని పిలవమంటే పిలిచే మొహం. ఆ మొహానికి ఇప్పుడు చేతులొచ్చాయి, వాసన ఉంది, రాత్రి పక్కలోకి రమ్మంటోంది. భయపడటం సహజం. ఇక్కడ వేసవి సెలవులకి లేని అసలు ఇబ్బంది ఏంటంటే, ఈ కలయికకి ఆఖరి తేదీ ముందే టికెట్ మీద అచ్చేసి ఉంది. పిల్ల రెండో వారానికి దగ్గరవుతుంది, మూడో వారం వదలదు, నాలుగో వారం అమ్మ విమానం ఎక్కుతుంది.

ఈ తల్లులకు ఊళ్లో అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. పిల్ల నిద్రపోయాక వెళ్లిపో, చూస్తే ఏడుస్తుంది. దయతో చెప్పే సలహానే, కానీ దీనికంటే చెడ్డది లేదు. పొద్దున లేచి ఇల్లంతా వెతికిన పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే. నిద్రపోతే అమ్మ మాయమవుతుంది. ఆ తర్వాత నెలల తరబడి ఆ పిల్ల రాత్రిళ్లు ఎందుకు నిద్రపోవట్లేదో నానీకి అంతుపట్టదు. మళ్లీ రెండేళ్లకి అమ్మ వచ్చినప్పుడు ఇంకా దూరంగా నిలబడుతుంది. ఏడిస్తే ఏడవనివ్వాలి. కళ్లెదుట చెప్పి, గేటు దాకా ఎత్తుకుని, నానీ చేతికిచ్చి వెళ్లాలి. నాలుగేళ్లు దాటిన పిల్లకైతే గోడ మీద క్యాలెండర్‌లో వెళ్లే రోజు ముందే గుర్తుపెట్టి చూపించాలి. మళ్లీ వచ్చే తేదీ తెలియకపోతే అబద్ధం చెప్పకూడదు. "రేపు వచ్చేస్తా" అని చెప్పి రాకపోతే, రెండేళ్ల తర్వాత నిజంగా వచ్చినా ఆ రేపటి బాకీ ఉంటుంది.

అమ్మ కట్టి విడిచిన పాత చీర ఒకటి ఉతకకుండా నానీ దగ్గర ఉంచి వెళ్లడం కొన్ని ఇళ్లలో చేస్తారు. చంటిపిల్లలకు వాసన తెలుసు కాబట్టి అది పనికొచ్చే ఏర్పాటే. రోజూ ఒకే వేళకి ఫోన్ రావడం అంతకంటే ఎక్కువ పనికొస్తుంది. పది నిమిషాలైనా, కువైట్ యజమాని ఇంట్లో పని తెమిలే వేళ చూసుకుని, ఇటు పిల్ల అన్నం తినే వేళకి. ఇక సెలవు దొరికి వస్తున్నప్పుడు, ఉన్న నెలలో మొదటి వారమైనా నానీ అదే ఇంట్లో ఉండేలా టికెట్ తీసుకునే ముందే మాట్లాడుకోవాలి. ఆ వారం పిల్లకి అన్నం నానీ తినిపిస్తుంటే అమ్మ పక్కన కూర్చోవాలి, తర్వాత అమ్మ తినిపిస్తుంటే నానీ పక్కన కూర్చోవాలి.